తడిసిన పళ్ళేల లెక్క

లాక్‌డౌన్ పెట్టి నెల తిరగకముందే సూరత్ నవాగామ్‌లోని మా తెలుగు సమాజం బడి తాళం తీశారు. పాఠాలు చెప్పడానికి కాదు, వంట చెయ్యడానికి. మరమగ్గాల సాంచాలు ఆగిపోయాయి, రైళ్ళు ఆగిపోయాయి, పగారు చేతికి రాని మనవాళ్ళు ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఇరుక్కుపోయారు. వాళ్ళ కోసం రోజూ రెండు గంగాళాల కిచిడీ వండేవాళ్ళు. నేను చిన్నప్పుడు ఆ బడిలోనే చదివాను. తర్వాత వేరే బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ వయసులో బయట తిరగొద్దని కొడుకు మొత్తుకుంటున్నా వినకుండా, మూతికి గుడ్డ కట్టుకుని పోయి ఉల్లిగడ్డలు తరిగేదాన్ని. ఒకరోజు వడ్డించడానికి పళ్ళేలు చాలలేదు. బడి వ్యవహారాలు చూసే శ్రీనివాస్ వచ్చి, "ఎనక స్టోరు రూముల పాత పెట్టె ఒకటి ఉన్నది మేడమ్, అండ్ల గిన్నెలు గిట్ల ఉంటయేమో" అన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. సుత్తితో కొట్టి తెరిచాడు.

పెట్టె నిండా స్టీలు పళ్ళేలే. ఒకదాని మీద ఒకటి దొంతర్లుగా పేర్చి, కింద ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం పెట్టి ఉంది. పైనున్న పళ్ళెం తీసి దుమ్ము తుడిస్తే అంచు మీద చుక్కల అక్షరాలతో పేరు కనబడింది. గుండేటి మల్లేశం. నేను సంబరంగా, "అరే, ఇది మా తలెనే" అన్నాను. పళ్ళేన్ని మేం తలె అంటాం. మూడో తరగతిలో చాలా నెలలు నేను అదే పేరున్న పళ్ళెంలో అన్నం తిన్నాను. అన్న మరుక్షణమే నా మాట నాకే తప్పుగా వినబడింది. మా పళ్ళెం మా ఇంట్లోనే ఉంది. నీళ్ళ ఫిల్టరు కింద పెట్టుకున్నాను, పొద్దున వచ్చేటప్పుడు కూడా చూశాను. మరి ఇదెవరిది? అదే పేరున్న రెండోది ఇన్నేళ్ళూ ఈ పెట్టెలో ఎందుకుంది? ఆలోచిస్తూ అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆ సాయంత్రానికల్లా నా చిన్నతనం గురించి నాకున్న గర్వం ఏమాత్రం మిగల్లేదు.

ఎందుకో చెప్పాలంటే మా ఒంటిగది ఇంటికి వెళ్ళాలి. నవాగామ్‌లో రేకుల కప్పు కింద వరసగా కట్టిన గదుల్లో మాది చివరిది. నాన్న చిట్యాల రామస్వామి సాంచాల మీద నేసేవాడు. పాళి, అంటే షిఫ్టు, దిగి ఇంటికొచ్చేటప్పుడు ఆయనతోపాటు మెషిన్ ఆయిలు వాసన, పడుగుకు పెట్టిన గంజి వాసన వచ్చేవి. గడపలో కూర్చుని చెవుల్లో చేరిన నూలు పొట్టును అగ్గిపుల్లతో తీసుకునేవాడు. సాంచాల మోతకు చెవులు కాస్త దిబ్బళ్ళు పడి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. అమ్మ పగలంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పొయ్యి మీద పుంటికూర పప్పు ఉడుకుతున్నా, మేం ఏడుస్తున్నా, పక్కింటివాళ్ళు కొట్టుకుంటున్నా ఆమె చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఇరుగుపొరుగులో నాన్నకో ప్రత్యేకత ఉంది. ఆయనకు చక్కగా రాయడం వచ్చు. ఊళ్ళకు కార్డులు రాయించుకోవడానికి ఆదివారం మా గడప ముందు మనుషులు వరస కట్టేవాళ్ళు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. ఎవరైనా బీడీకట్ట ఇస్తే మాత్రం కాదనేవాడు కాదు. రాసిన ప్రతి ముక్కా పైకి చదివి, "గింతేనా, ఇంకేమన్న రాయాల్నా" అని అడిగి, అప్పుడు చిరునామా రాసేవాడు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే.

ఆ వరసలో ఎప్పుడూ చివర నిలబడేవాడు మల్లేశం కాక. నాన్నా ఆయనా ఒకే ఊరివాళ్ళు, ఒకే రైల్లో సూరత్ వచ్చారు, పక్కపక్క సాంచాల మీద పనిచేశారు. కాకకు చదువు రాదు. ఆయన ఇంటి సంగతులన్నీ నాన్న చేతిమీదుగానే ఊరికి పోయేవి. ఆయన కూతురు సుగుణది నా వయసే, నా తరగతే. కాక మా ఇంటికొస్తే ఇంట్లోకి రాకుండా గడప మీదే కూర్చునేవాడు. అమ్మ ఇచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "మా సుగుణ, మీ శారద ఇద్దరు గలిసి టీచరమ్మలు అయితరు సూడు వదినా" అనేవాడు. మా అమ్మానాన్నల పెళ్ళికి చదివింపుల్లో ఆయన స్టీలు పళ్ళెం ఇచ్చాడు. అప్పట్లో స్టీలంటే బంగారం కింద లెక్క. అలాంటివి రెండు కొని, రెండింటి మీదా తన పేరే కొట్టించి, ఒకటి నాన్నకిచ్చి ఒకటి తన ఇంట్లో పెట్టుకున్నాడు. మనవాళ్ళ ఇళ్ళల్లో గిన్నె మీద పేరంటే, అది ఎవరిదో చెప్పే పేరు కాదు, చాలావరకు ఎవరిచ్చారో చెప్పే పేరు. ఏ చెంబు ఏ మేనమామ పెట్టాడో, ఏ గిన్నె ఏ పెళ్ళికొచ్చిందో గుర్తుండాలని అలా కొట్టిస్తారు. ఈ సంగతి మన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదనుకునేంతగా తెలుసు.

మా బడిలో మధ్యాహ్నం బువ్వ పెట్టేవాళ్ళు. తల్లిదండ్రులిద్దరూ పనిలో ఉంటే పిల్లలు ఎండలో ఇంటికి పోయి ఖాళీ గిన్నెలు చూసుకుని వస్తున్నారని సమాజం పెద్దలు ఆలోచించి పెట్టిన ఏర్పాటు. నెలకింత అని ప్రతి ఇల్లూ కట్టాలి. వండేది లచ్చవ్వ. పొట్టు పొయ్యి పొగలో ఆమె మొహం ఎప్పుడూ సగమే కనిపించేది. అన్నం, పప్పు, వారానికోసారి వంకాయ, పండక్కి శేమ్యా. ఆ పప్పులో ఎండుమిరపకాయ మాడిన వాసన తరగతి గదిలోకి వచ్చిందంటే ఇక మాకు ఎక్కాలు తలకెక్కేవి కావు. పేరు కొట్టించిన పళ్ళెం ఒకటి బడికి తెచ్చి పెట్టాలని నియమం. అమ్మకు చదువు రాదు. ఇంట్లో పేరున్న పళ్ళెం ఏదో చూసి నా చేతిలో పెట్టి పంపింది. తక్కినవాళ్ళలో చాలామంది బడి కోసమని కొత్తవి కొని సొంత పేర్లు కొట్టించారు. కొత్తది కొనే తాహతు మాకు ఆ ఏడాది లేదు.

లెక్కలు రాసే గుమాస్తాను మెహతాజీ అనేవాళ్ళం. సూరత్ మనిషి, తెల్లటి ధోవతి, చెవి మీద పెన్సిలు. మంచివాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. మా మధ్య పనిచేస్తున్నందుకు ఒకటో తరగతి పిల్లల పలకలు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. అది ఆయనకు ఎంత గొప్పో. తరగతికి ముగ్గురు లక్ష్ములు, నలుగురు రాజేశ్వరులు ఉండే బడిలో పిల్లల్ని పేరు పెట్టి పిలిచి లెక్క తేల్చడం అయ్యే పని కాదని ఒక పద్ధతి కనిపెట్టాడు. తిన్నాక ఎవరి పళ్ళెం వాళ్ళు కడిగి గోడవారగా నిలబెట్టాలి. ఆయన ఆ గోడ వెంట నడుస్తూ తడిగా ఉన్న ప్రతి పళ్ళెం మీది పేరూ "గుం... డే... టి" అని కూడబలుక్కుని చదివి పుస్తకంలో గీత పెట్టుకునేవాడు. తడిసిన పళ్ళెమంటే ఒక పిల్ల తిన్నట్టు. మేం వెనక నడుస్తూ ఆయన గొంతుతో "గుం... డే... టి" అని వెక్కిరించేవాళ్ళం. నిజానికి మా పళ్ళెం దగ్గరా, సుగుణ పళ్ళెం దగ్గరా ఆయన ఒకటే పేరు చదువుతున్నాడని నాకూ సుగుణకూ తెలుసు. మాకు అది నవ్వుకునే విషయమే అయింది. గిన్నెల మీద పేర్ల సంగతి తెలిసిన లచ్చవ్వకు చదువు రాదు, ఆయన ఏం రాసుకుంటున్నాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడాదే నాన్న చెయ్యి సాంచా పట్టాలో పడి మణికట్టు దగ్గర విరిగింది. కుడి చెయ్యి. సేటు ఒక వారం పగారిచ్చి, బాగయ్యాక రమ్మన్నాడు. నాన్న నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. రాయకుండా ఉండలేని మనిషి కదా, నా పలక తీసుకుని ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు ఎడమకు వాలిపోయి, ఒత్తులు వరస తప్పి వచ్చేవి. నేను నవ్వితే, "నవ్వకు బిడ్డా, నేను మల్ల ఒకటో తరగతిల చేరిన" అనేవాడు. ఇంట్లో ఒంటిపూట వంట. నాకు మాత్రం బడిలో కడుపునిండా దొరికేది. డబ్బు కట్టమని మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో ఒకరోజు నాన్న అందరిముందూ చెప్పాడు. "మా శారద సదువుల ఫస్టు. గందుకే బువ్వ పైసలు మాఫీ జేసిండ్రు." ఇక చూడాలి నా వైభోగం. ఆ రోజునుంచి బడిలో నా నడకే మారిపోయింది. అందరూ డబ్బిచ్చి తింటున్నారు, నేను మార్కులిచ్చి తింటున్నాననే పొగరు తలకెక్కింది.

డబ్బు కట్టని ఇంటి పిల్లల్ని మా బడిలో తిట్టేవాళ్ళు కాదు. వరసలోంచి లేపేవాళ్ళు కాదు, ఇంటికి పంపేవాళ్ళు కాదు. పళ్ళెం తీసి పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు, అంతే. మధ్యాహ్నం పిల్ల పళ్ళేలు పేర్చిన అరుగు దగ్గరికొచ్చి తన పళ్ళెం కోసం వెతుక్కునేది. పైవరస చూసేది, కిందివరస చూసేది, తక్కిన పిల్లల చేతుల్లోకి చూసేది. చివరికి లచ్చవ్వ మొహం తిప్పుకుని, "నీ తలె పెట్టెల వడ్డది బిడ్డా, మీ నాయినకు చెప్పు" అనేది. ఇంటినుంచి వేరే గిన్నె తెచ్చుకుంటే పనికిరాదు, అది పుస్తకంలో లేదు. పళ్ళెం లేని పిల్ల బువ్వ బెల్లు కొట్టగానే కుళాయి దగ్గరికి పోయి కడుపునిండా నీళ్ళు తాగి, చెట్టు చాటుకు పోయి కూర్చునేది. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు కనుక ఎవరికీ అది తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఒకరోజు అలా అరుగు దగ్గర నిలబడి వెతుక్కున్న పిల్ల సుగుణ.

సుగుణ లెక్కల్లో నాకంటే మెరుగు. డిక్టేషన్లో నేను ముందుండేదాన్ని, అందువల్ల ఫస్టు నాకొచ్చేది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, పళ్ళు ఎత్తుగా ఉన్నాయని. పళ్ళెం పోయిన మొదటి మూడు నాలుగు రోజులు నా అన్నంలో సగం ఆమె దోసిట్లో పెట్టాను. మెహతాజీ చూసి, వేలు ఎత్తి, "ఏక్ థాలీ, ఏక్ బచ్చా" అన్నాడు, ఒక పళ్ళెం ఒక్క పిల్లకే అని. కోపంగా కూడా అనలేదు. నేను మంచి పిల్లను కదా, నియమం విన్నాను. మర్నాడు ఆమెకు కాస్త దూరంగా కూర్చున్నాను. ఆ పై వారం ఆమే నా దగ్గరికొచ్చి మెల్లగా, "జర బువ్వ వెట్టవా" అని అడిగింది. నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ నాయిన పైసలు కడ్తే నీ తలె నీకొస్తది. నేనేమన్న ఊకె తింటున్ననా? సదివి తింటున్న." సుగుణ కుళాయి దగ్గరికి పోయింది. ఆ నెలలోనే బడి మానేసింది. కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారని అమ్మ చెప్పింది. మల్లేశం కాక మా గడపకు రావడం మానేశాడు. ఎందుకని అడిగితే నాన్న, "వానికి నా మీద ఏందో కోపం. పోనీ" అన్నాడు.

కొన్నాళ్ళకు నాన్న చెయ్యి బాగై పనిలోకి పోయాడు. మొదటి పగారుతో నాకో కొత్త పళ్ళెం కొని, దాని మీద నా పేరే కొట్టించాడు. చిట్యాల శారద. బడికి తీసుకెళ్ళి మెహతాజీ చేతికిచ్చి ఇంటికొచ్చి అమ్మతో, "నా చెయ్యి బాగైంది. ఇగ మాఫీ మనకొద్దని చెప్పొచ్చిన" అన్నాడు. పాత పళ్ళెం నేను ఇంటికి తెచ్చేసుకున్నాను. నాన్న అన్న ఆ మాట నేను మర్చిపోలేదు. పెద్దయ్యాక రాసిన వ్యాసంలో పెట్టాను. లేనప్పుడు పుచ్చుకుని, ఉన్నప్పుడు వద్దన్న మనిషి మా నాన్న అని సభలో చదివాను. జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నాన్న అప్పటికి పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు మళ్ళీ ఆ పెట్టె దగ్గరికొస్తాను. వడ్డనలు అయ్యాక, గంగాళాలు తోముతున్న చప్పుడు వింటూ, మెట్టు మీద కూర్చుని ఆ ఎర్ర అట్ట పుస్తకం తెరిచాను. పేర్లు మెహతాజీ వంకర తెలుగులో, తక్కినదంతా గుజరాతీలో ఉంది. గుజరాతీ నాకు తెలుగంత వచ్చు. ముందుగా మా పేరు కోసం చూశాను. మాఫీ అని రాసి ఉంటుంది కదా, ఫొటో తీసి కొడుక్కి పంపుదామని నా ఆశ. చిట్యాల అన్న ఇంటిపేరే లేదు. ఆ ఏడాది సగం పుస్తకం తిప్పినా లేదు. గుండేటి మల్లేశం ఉంది. ఆ పేరు పక్కన రోజుకు రెండు గీతలు. ఇద్దరు పిల్లలున్న ఇళ్ళన్నిటికీ అలాగే రెండేసి గీతలున్నాయి. మల్లేశం కాకకు సుగుణ ఒక్కతే. ఆ రెండో గీత నేను.

అక్కడే ఆపేసి ఉంటే, పాపం మెహతాజీకి మన గిన్నెల సంగతి తెలియక జరిగిన పొరపాటని సరిపెట్టుకునేదాన్ని. పేజీ తిప్పాను. మెహతాజీ తన ముత్యాల్లాంటి గుజరాతీలో రాసుకున్నాడు. మల్లేశం వచ్చాడు. తనకు ఒక్కతే కూతురు అంటున్నాడు. రెండో పళ్ళెం రామస్వామికి పెళ్ళిలో తాను ఇచ్చింది, ఆ లెక్క రామస్వామిది అంటున్నాడు. రామస్వామిని పిలిపించాను. దాని కింద తెలుగులో రెండు ముక్కలున్నాయి. "ఈ పళ్ళెము మాది కాదు. దాని మీద ఉన్న పేరే సాక్ష్యము. చిట్యాల రామస్వామి." అక్షరాలు ఎడమకు వాలి ఉన్నాయి. ఒత్తులు వరస తప్పాయి. నా పలక మీద, నా పక్కన కూర్చుని, నన్ను నవ్విస్తూ ఆయన నేర్చుకున్న రాత అది.

చాలాసేపు నాకు అర్థం కానట్టే కూర్చున్నాను. అర్థం కాలేదని కాదు. కళ్ళు ఆ రెండు ముక్కల మీదే ఉన్నాయి. తర్వాతి పేజీలో మిగతాది మెహతాజీ ఏ భావమూ లేకుండా రాశాడు. మల్లేశం ఒక పళ్ళేనికి సరిపడా కట్టాడు. ఒక పళ్ళెం నడుస్తుంది, ఒకటి పెట్టెలోకి. పెట్టెలో పెట్టాల్సింది మల్లేశం కూతురి పళ్ళెమని లచ్చవ్వ సుగుణదే తీసి ఇచ్చి ఉంటుంది. కాక కట్టిన డబ్బుతో నేను తిన్నాను, కాక కూతురు కుళాయి నీళ్ళు తాగింది. నేను ఆ పిల్ల మొహం మీదే "సదివి తింటున్న" అన్నాను. ఆ మాఫీ ఎవరూ ఇవ్వలేదు. నాన్న తన నోటితో తయారుచేసి, దాన్ని నాకు తొడిగి, నలుగురిలో తిప్పాడు. విరిగిన చెయ్యి, ఇంట్లో ఒంటిపూట వంట, నా ఆకలి, అన్నీ నాకు గుర్తున్నాయి. వాటితో ఆయన్ని కాపాడాలని ఆ మెట్టు మీద కూర్చుని ఎంతో ప్రయత్నించాను, కుదరలేదు. కాక ఇంటి కష్టసుఖాలన్నీ రాసిపెట్టిన మనిషి కదా ఆయన. కాకకు చదవడం రాదని తెలిసి రాసిన రాత కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. శ్రీనివాస్ వచ్చి, "ఏమైంది మేడమ్, మంచినీళ్ళు తెమ్మంటరా" అని అడిగాడు. ఏం లేదు, ఈ పళ్ళేలన్నీ తోమించి వాడుకోండి అన్నాను. ఆ పుస్తకాన్ని మాత్రం కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లో మనవరాలు ఫోను ముందు కూర్చుని క్లాసు వింటోంది. మేం ఉండే డిండోలిలో పేరున్న ప్రైవేటు బడి. లాక్‌డౌన్ పెట్టినప్పటినుంచి తలుపులే తెరవలేదు, అయినా మధ్యాహ్న భోజనం డబ్బు మాత్రం కట్టమంటున్నారు. వంటవాళ్ళకు జీతాలివ్వాలట. కట్టనివాళ్ళ పేర్లు యాప్‌లో ఎర్రగా కనబడతాయి. ఆ రోజు తెరమీద ఒక పిల్ల గడి కాసేపు కనబడి మాయమైంది. ఏమైందే అంటే, "వాళ్ళ లంచ్ పైసల్ బాకీ నానమ్మా, టీచర్ వెయిటింగ్ రూమ్ల పెట్టింది. పే కియా తో అందర్ లేలేగీ" అంది తలెత్తకుండా. కడితేనే లోపలికి రానిస్తుందట. వండని అన్నానికి, తినని అన్నానికి పిల్లను బయట నిలబెట్టారు. మా రోజుల్లో కనీసం పిల్ల అరుగు దాకా వచ్చి వెతుక్కుంటే లచ్చవ్వ మొహం తిప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మొహం తిప్పుకునే పని కూడా ఎవరికీ లేదు. "నీ దోస్తేనా? నువ్వేమన్నావే?" అని అడిగాను. "నేనేమంట? మనం కట్టినం గదా" అంది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది.

సుగుణ ఇంటికి వెళ్ళడానికి నాకు ఇంకా రెండు నెలలు పట్టింది. రోగం భయమని అందరికీ చెప్పాను. ఆమె ఎక్కడో దూరాన లేదు, డిండోలిలోనే మాకు నాలుగు వీధుల అవతల. చీరలకు ఫాల్ కుట్టి బతుకుతుంది. భర్త పోయాడు, కొడుకు సాంచాల మీద. ఇరవై ఏళ్ళుగా నా చీరలన్నీ ఆమెకే ఇస్తున్నాను, తెలిసినవాళ్ళ చీరలూ ఇప్పిస్తున్నాను. పాత స్నేహితురాలికి నాలుగు రాళ్ళు వస్తాయి కదా అని లోపల్లోపల నాకో తృప్తి. ఎన్నిసార్లు వద్దన్నా నన్ను మేడమ్ అనే పిలిచేది. నేను వెళ్ళేసరికి మెషీను ముందు కూర్చుని ఉంది. నాకో పీట గడప దగ్గర వేసి, తను లోపలే కూర్చుంది. ఇద్దరి మూతులకూ గుడ్డలున్నాయి. నేను మొత్తం చెప్పాను. పుస్తకం తెరిచి నాన్న రాసిన రెండు ముక్కలూ చదివి వినిపించాను. ఆమె వింటూ చీర అంచుకు వేలాడుతున్న దారాలు ఒక్కొక్కటే తెంపుతూ ఉంది.

"గిదంత ఇప్పుడు నాకెందుకు చెప్తున్రు మేడమ్" అంది చివరికి.

"నాకు తెల్వదు సుగుణా. ఇన్నేండ్లు నాకు తెల్వదు. తెలిసినంక చెప్పకుంట ఎట్లుంట?"

ఆమె చెయ్యి ఆగింది. నా కళ్ళలోకి చూసింది. "తెల్వదా" అంది.

"ఒట్టు. పెట్టె తెరిచిన దినమే తెలిసింది."

"నాకు గప్పుడే ఎరుక. మా నాయిన బడికెల్లి వచ్చి అవ్వతోని చెప్తుంటె ఇన్న. రామసామి రాసిచ్చిండు, నాకు సదువ రాదు, చెయ్యిరిగి కూసున్నోనితోని ఏం కొట్లాడుత అన్నడు. పైసలు కట్టినా నా తలె రాకపోయేసరికి, ఇగ ఆ బడి గడప తొక్కొద్దని నన్ను కండెల కాడ కూసోవెట్టిండు. మా నాయిన మంచోడనిపించుకున్నడు. నా సదువు వోయింది." ఆమె గొంతులో కోపం లేదు, ఎన్నోసార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయి. మూతి మీది గుడ్డ కిందికి లాక్కుంది. "నీకు గూడ ఎరుకే అనుకున్న శారదా. గిన్నేండ్లు. అన్నీ ఎరుకయ్యే, ఏం ఎరుక లేనట్టు వచ్చి కూసుంటున్నవ్, చీరలు ఇస్తున్నవ్, పోతున్నవ్ అనుకున్న."

ఇరవై ఏళ్ళు ఈ గడపలో కూర్చుని నేను నవ్విన నవ్వులు, మా కొడుకు ఉద్యోగం గురించి చెప్పిన గొప్పలు, ఒక్కోసారి పది రూపాయలు ఎక్కువిచ్చి ఉంచుకోమన్న నా చెయ్యి, అన్నీ ఆమె ఆ లెక్కనే చూస్తూ వచ్చింది. అన్నిసార్లూ నాకు చాయ్ ఇచ్చింది. "మరి ఒక్కసారన్న అడగకపోయినవేందే" అన్నాను. అడగడానికి నాకు హక్కు లేదని తెలిసే అడిగాను.

సుగుణ చీర మడత పెట్టి పక్కన పెట్టింది. "అడుగుతె చీరలు ఇచ్చుడు బంద్ జేస్తవేమోనని" అంది.

అలా చేసేదాన్ని కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా జవాబు కోసం నిజంగానే చూస్తోంది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా, ఏ మామూలు రోజైనా, ఆమె ఈ గడపలో నిలబెట్టి మా నాన్న దొంగ అని నాతో అని ఉంటే, మర్నాడు నా చీరలు ఎవరికిచ్చి ఉండేదాన్నో ఆలోచించాను. పుస్తకం మూసి కొంగులో చుట్టుకున్నాను. ఆమె మళ్ళీ మెషీను తిప్పడం మొదలుపెట్టింది.